శ్రీలంక తమిళులకి సీఏఏ ఎందుకు వర్తించదు?

ప్రశ్న (గోదారిగట్టు): సీఏఏలో (2019 పౌరసత్వ సవరణ చట్టం) పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన హిందువులకి పౌరసత్వం ఉంది కదా, మరి తమిళనాడు క్యాంపుల్లో 40 ఏళ్లుగా ఉన్న శ్రీలంక తమిళులు కూడా ఎక్కువమంది హిందువులేగా, వాళ్లెందుకు లేరు?

సందుచివర: చట్టంలో ఆ 3 దేశాలే రాశారు బ్రో, అదీ 2014 డిసెంబర్ 31 లోపు వచ్చినవాళ్లకే. లంకలో గొడవ మతం మీద కాదు, భాష, జాతి మీద అని గవర్నమెంట్ వాదన. నాకైతే సాకులా అనిపిస్తుంది.

పాతపేపర్లు: దీని వెనక పెద్ద కథుంది. ఎస్టేట్ తమిళుల (బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇక్కడినుంచి లంక తోటల్లో పనికి వెళ్లినవాళ్లు, వాళ్ల పిల్లలు) గురించి 1964లో మన ప్రధాని శాస్త్రి గారు, లంక ప్రధాని సిరిమావో ఒప్పందం చేసుకున్నారు, 5,25,000 మందిని మనం తీసుకోవాలి, 3,00,000 మందికి వాళ్లు పౌరసత్వం ఇవ్వాలి, మిగిలిన లక్షన్నర మందిని 1974లో చెరి సగం పంచుకున్నారు, ఏదో పొలం పంచుకున్నట్టు, ఆ మనుషుల్ని అడిగిందెవరు? 1983లో లంకలో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత వచ్చినవాళ్ల సంగతి వేరే.

గోదారిగట్టు: మరి ఇక్కడే పుట్టిన పిల్లలు?

పాతపేపర్లు: 1987 జులై 1కి ముందు పుడితే పుట్టుకతోనే పౌరులు. తమిళనాడులోని మండపం శరణార్థుల క్యాంపులో 1986లో పుట్టినావిడకి పాస్‌పోర్ట్ ఇవ్వమని 2022లో మద్రాస్ హైకోర్ట్ చెప్పింది. తర్వాత పుట్టినోళ్లకి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి, 2004 చివర్నుంచి ఇంకా టైట్ చేశారు.

ఉప్పుగాలి: మనం 1951 ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు, అందుకే టిబెటన్లకో రూలు, రోహింగ్యాలకో రూలు. మా వైజాగ్‌లో బర్మా క్యాంప్ ఉంది, వాళ్లు బర్మా నుంచి తిరిగొచ్చిన మనోళ్లు కాబట్టి ఈ తలనొప్పి లేదు.