ముత్తాతగారి వీలునామా, పాత పత్రికలు: ఎక్కడ వెతకాలి?

కోరంగి_మనవడు: మా ముత్తాతగారు రంగూనులో బియ్యం వ్యాపారం చేసి, మద్రాసు జార్జిటౌనులో ఇల్లు కొని, 1930 నాటి రంగూను అల్లర్ల తరువాత కాకినాడ చేరి అక్కడే కాలం చేశారు. ఆంధ్రపత్రికలో మరణవార్త దొరుకుతుందా, ప్రొబేటు (వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) ఎక్కడ వెతకాలి, ఓడ ప్రయాణికుల జాబితాలు ఉన్నాయా?

గోదారిగట్టు: ప్రొబేటు మాట మరచిపోండి. అవిభక్త కుటుంబంలో తండ్రి వాటా కొడుకులకు దానంతట అదే సంక్రమించేది. ఈ ముక్క ముందే చెప్పకుండా ఒక రికార్డు గది గుమాస్తా నన్ను నెలల తరబడి తిప్పాడు.

ప్లీడరుగారబ్బాయి: సగమే చెప్పారు. 1925 నాటి వారసత్వ చట్టంలోని 57, 213 సెక్షన్లు కలిపి చదివితే, వీలునామా కాకినాడలో రాసినా సరే, అందులోని మద్రాసు నగర స్థిరాస్తి వరకు ప్రొబేటు నియమం వర్తించేది. ఇల్లు స్వార్జితమైతే మద్రాసు హైకోర్టు ఒరిజినల్ సైడు (అప్పీళ్లు కాక, నేరుగా దాఖలైన కేసుల విభాగం) రికార్డులు చూడవలసిందే.

గోదారిగట్టు: కోర్టుకెక్కి హక్కు నిరూపించుకోవలసి వస్తేనే కదా ఆ నియమం? అన్నదమ్ములు పంపకాల దస్తావేజు రాసుకుని ఊరుకుంటే ప్రొబేటు ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? సెక్షన్లు వల్లించేవారికి ఊళ్లో జరిగేది కనబడదు.

ప్లీడరుగారబ్బాయి: ఊళ్లో జరిగేదంతా మా నాన్నగారి వరండాలోనే జరిగేదండీ.

బందరు_సుశీల: మీ తగవు తరువాత తేల్చుకోండి. నివాళి వ్యాసాలు జమీందార్లకు, ప్లీడర్లకు, కాంగ్రెసు నాయకులకే దక్కేవి. వ్యాపారి పోతే ప్రకటనల పేజీయే గతి. మా వాళ్ల పేరు నాకు కనబడింది కూడా, అప్పులవాళ్లు లెక్కలు చూపించుకోవాలని కొడుకులు వేయించిన నోటీసులోనే.

పాత_దస్తావేజు: జీవితమంతా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాసినవాణ్ణి, నా మాట వినండి. రిజిస్టరైన వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినవారు బతికుండగా వారికో, వారి ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు గాని, పోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా ఇవ్వాలి. తేదీ చోట ‘రక్తాక్షి’ అని మాత్రమే ఉంటే 1924 ఉగాది నుంచి ఏడాది లెక్కించుకోండి.

బందరు_సుశీల: నిజమే, మాకు నకలు అలాగే వచ్చింది. అందులో ఇల్లు ఎవరికన్నది ఒక్క పంక్తిలో తేల్చి, రంగూను టేకు పందిరిమంచం పెద్ద కోడలికే చెందాలని మాత్రం పేరా నిండా రాశారు.

గోదారిగట్టు: ఆ మంచానికీ ప్రొబేటు కావాలంటారేమో!

ప్లీడరుగారబ్బాయి: వీలునామా మద్రాసు బయట రాసినదైతే చరాస్తికి అక్కర ఉండేది కాదు.