కోడ్ మొదలుపెట్టే ముందు స్క్రీన్ల గురించి ఎంతవరకు రాసుకోవాలి?

గుంటూరు_డెవ్:
మాది చిన్న టీమ్. క్లినిక్ అపాయింట్‌మెంట్ యాప్ చేస్తున్నాం, తెలుగు, ఇంగ్లీషు రెండిట్లోనూ. డిజైనర్ ఫిగ్మాలో స్క్రీన్లు గీసి లింకు పంపేశారు, చూడటానికి బాగానే ఉన్నాయి, కానీ కోడ్ రాద్దామని కూర్చుంటే ప్రతి బటన్ దగ్గరా ఒక డౌటే. మేనేజరేమో అంతా వర్డ్‌లో రాసి క్లయింట్‌తో సైన్ చేయించమంటున్నారు. అంత పెద్ద డాక్యుమెంట్ ఎవరు చదువుతారండీ? ఏది రాయాలి, ఏది వదిలేయాలి?

పాత_ఫ్రంటెండ్:
బొమ్మలో కనిపించేది మళ్ళీ రాయకండి, కనిపించనిదే రాయండి. మీ స్లాట్ (అపాయింట్‌మెంట్ టైము ఎంచుకునే) స్క్రీనే తీసుకోండి: ఆ రోజు ఒక్క స్లాటూ ఖాళీ లేకపోతే ఏం చూపిస్తారు, నెట్ నెమ్మదిగా ఉంటే ఏం చూపిస్తారు, ఇద్దరు ఒకే స్లాట్ ఒకేసారి నొక్కితే రెండోవాళ్ళకి ఏం వస్తుంది, డబ్బు కట్టే మధ్యలో యాప్ మూసేస్తే మళ్ళీ తెరిచాక ఎక్కడికి వెళ్తుంది. డిజైనర్ గీసేది ఎప్పుడూ అన్నీ సవ్యంగా జరిగిన రోజునే. ఎర్రర్ మెసేజ్‌ మాటలు కూడా అక్షరం పొల్లుపోకుండా రాసివ్వండి, లేదంటే ఎవరో 'సమ్‌థింగ్ వెంట్ రాంగ్' అని పెట్టేస్తారు, అదే ప్లేస్టోర్ దాకా పోతుంది.

అక్షరాల_పిచ్చి:
తెలుగు కూడా అన్నారు కాబట్టి ఒక మాట. 'బుక్' అన్నంత వెడల్పు బటన్‌లో 'అపాయింట్‌మెంట్ తీసుకోండి' పట్టదు, రెండో లైనుకి దిగాలా, చుక్కలు పెట్టి ఆపాలా అన్నది ముందే రాసుకోండి. ఇంగ్లీషుకి పెట్టిన లైన్ హైట్‌లో 'స్త్రీ' లాంటి అక్షరం ఒత్తు తెగిపోవచ్చు. టచ్ సైజు, అంటే వేలితో నొక్కే చోటు, ఆండ్రాయిడ్‌కి 48 డీపీ, ఐఫోన్‌కి 44 పాయింట్ల కన్నా తగ్గకూడదు (డీపీ, పాయింటు ఆయా ఫోన్లలో స్క్రీన్ కొలతలు). డబ్ల్యూసీఏజీ (అందరూ వాడగలిగేలా వెబ్ ఉండటానికి పెట్టిన ప్రమాణాలు) ఏఏ స్థాయి ప్రకారం మామూలు టెక్స్ట్‌కి, వెనక రంగుకి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. ఈ డిజైనర్లకి లేత బూడిదరంగు అంటే ఎందుకంత ప్రేమో, క్లినిక్‌కి వచ్చే పెద్దవాళ్ళకి అది ఆనదు.

విశాఖ_క్యూఏ:
వర్డ్ మాత్రం వద్దండీ. డిజైన్ ఒకచోట, రాత ఒకచోట ఉంటే కొన్నాళ్ళకి దేనిదారి దానిదే. నోట్స్ ఫిగ్మాలో ఆ స్క్రీన్ పక్కనే పెట్టండి, సైన్ కావాలంటే ఆ వెర్షన్‌ని పీడీఎఫ్ చేసి తేదీ వేసి మెయిల్ చేయండి. క్లయింట్‌కి మొదటిసారే రంగుల స్క్రీన్లు చూపిస్తే నీలం తీసి ఆకుపచ్చ పెట్టమంటారే గానీ ఫ్లో (ఏ స్క్రీన్ తర్వాత ఏది) గురించి నోరు విప్పరు. స్క్రీన్ల చిత్తు బొమ్మలు గీసే బాల్సమిక్ అనే టూల్‌లో బొమ్మలు చేత్తో గీసినట్టు ఉండేది అందుకే.

గుంటూరు_డెవ్:
థాంక్స్ అండీ. స్లాట్ సంగతి ఇప్పుడే డిజైనర్‌ని అడిగా, అది బ్యాకెండ్ (సర్వర్ వైపు) వాళ్ళ పని కదా అన్నారు!

పాత_ఫ్రంటెండ్:
రెండో బుకింగ్‌ని ఆపేది బ్యాకెండే, ఆపిన సంగతి పేషెంటుకి చెప్పాల్సింది మాత్రం స్క్రీనే. అక్కడే దగ్గర్లో ఖాళీగా ఉన్న స్లాట్లు రెండు మూడు చూపించేలా గీయమనండి.