1952 ఎంజీ టీడీ: తలుపు స్తంభానికి చెదలు, కార్బ్యురేటర్‌లో లీకు. ఎవరైనా దారి చూపగలరా?

మాది పర్లాకిమిడి. తాతగారి ఎంజీ టీడీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇరవై ఏళ్లుగా సావిట్లో టార్పాలిన్ కింద ఉంది. అమ్మేయమని చుట్టాలంతా అన్నారు గానీ మనసొప్పలేదు.

1250 సీసీ ఇంజన్ ఇంకా స్టార్ట్ అవుతోంది, నాకే ఆశ్చర్యం! ఇబ్బందల్లా దీనికున్న రెండు ఎస్‌యూ కంపెనీ కార్బ్యురేటర్లలో ముందుదానితో. జెట్ (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) దగ్గర పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారుతోంది. పక్కనే ఎగ్జాస్ట్ కాలిపోతుంటుంది కాబట్టి టెన్షన్‌గా ఉంది. లోపలి కార్క్ సీళ్లు ఎండిపోయాయనుకుంటున్నా. ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలుకి మళ్లీ కార్కే వేయాలా, రబ్బరు రింగులు వేయొచ్చా?

అసలు బెంగ వేరే. ఈ బండికి రేకు కింద ఉన్నది చెక్క చట్రం. డ్రైవర్ వైపు తలుపు స్తంభానికి స్క్రూడ్రైవర్ ఆనించానో లేదో, పిడి దాకా దిగిపోయింది. లోపలంతా చెదపుట్ట మట్టి! అసలు వాడింది యాష్ అనే విదేశీ చెట్టు కర్ర. మా వడ్రంగి మేస్త్రి టేకు వేద్దామంటున్నాడు. బరువూ, వంపూ సరిపోతాయా? ఎవరైనా చేయించారా?

ఇంకో తమాషా, ఇంజన్ బోల్టులకు మర మెట్రిక్, తల మాత్రం విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలత). ఇక్కడి మెకానిక్ మామూలు స్పానర్ పెట్టి రెండు తలలు గుండ్రంగా అరగదీశాడు. బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటే (ఈ బండికి అదే పద్ధతి) తప్పనుకుని మార్చబోయాడు కూడా, సమయానికి నేను చూశాను కాబట్టి సరిపోయింది.

బరంపురం, విజయనగరం, విశాఖ చుట్టుపక్కల ఇలాంటి బళ్లు తెలిసిన మేస్త్రీలుంటే చెప్పండి. బండిని లారీ మీద తెస్తాను.