పాత డబుల్ బ్యారెల్ తుపాకీలో బిగుసుకుపోయిన స్క్రూకి ఏ నూనె వాడాలి?

మా తాతగారి 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ ఇప్పుడు నాన్నగారి పేరు మీద లైసెన్స్‌తో ఉంది. చాలా ఏళ్లు పెట్టెలోనే ఉండటంతో అడుగు వైపు స్క్రూ ఒకటి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లోపల తూటాలు లేవని చూసుకున్నాకే ముట్టుకున్నాం.

తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాం, కదల్లేదు. అది 1953లో ప్రధానంగా తేమను తరిమేందుకు తయారైంది కదా, మరల్లోకి దిగే పెనిట్రేటింగ్ ఆయిల్ విడిగా కొనాలా? అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ సగం సగం కలిపి వేయమని తెలిసిన మెకానిక్ అన్నాడు. కానీ అసిటోన్ తగిలితే చెక్క మీది పాలిష్ పోతుంది, నూనె పీల్చుకుంటే చెక్క మెత్తబడుతుంది. పోనీ ముందు చెక్క విప్పుదామంటే ఈ స్క్రూ రావాలి! వేడి చేయాలంటే భయం. గొట్టాల మధ్య పట్టీని టంకంతో అతికిస్తారు, అది కరిగితే తుపాకీ పాడైనట్టే.

స్క్రూ గాడి ఇంకా చెడలేదు, అదొక్కటే ధైర్యం. ఇలాంటివి విప్పినవాళ్లు దయచేసి చెప్పండి: చుక్క చుక్కగా వేస్తూ ఎన్నాళ్లు ఆగొచ్చు? చెక్కకు నూనె అంటకుండా ఏం చేశారు? లేక నేరుగా లైసెన్స్ ఉన్న తుపాకీ రిపేరు షాపుకే ఇవ్వడం మంచిదా?