ఐ-5 వంతెన చిన్నగా కట్టమని అడగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నమస్తే అండి. మేము వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌లో ఉంటాం. కొలంబియా నది దాటితే ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్. మధ్యలో ఉన్న ఐ-5 హైవే జంట వంతెనల్లో ఒకటి 1917 నాటిది, ఇంకోటి 1958లో వచ్చింది. చెక్క దుంగల పునాదులు, పెద్ద భూకంపం వస్తే నిలబడతాయన్న నమ్మకం లేదు. కొత్తది కట్టాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు.

నా టెన్షన్ అంతా సైజు గురించే. వంతెనతో పాటు దాదాపు 5 మైళ్ల హైవేనీ, 7 ఇంటర్‌చేంజ్‌లనీ (హైవే ఎక్కే, దిగే కూడళ్లు) మార్చే ప్లాన్ ఇది. రోడ్డు వెడల్పు చేస్తే కొత్త కార్లు వచ్చి చేరతాయి, కొన్నేళ్లకే మళ్లీ అదే జామ్. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేకి అదే జరిగింది. ప్లాన్‌లో లైట్ రైల్ (ఊళ్లో తిరిగే చిన్న రైలు), సైకిల్ దారి ఉన్నాయి, చాలా సంతోషం. అవి ఉంచి మిగతాది తగ్గించమని అడగాలనుంది.

ఇలాంటి వాటిలో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి. పర్యావరణ నివేదిక మీద అభిప్రాయం రాస్తే సాల్మన్ చేపలు, గాలి కాలుష్యం గురించి రాయాలా, ట్రాఫిక్ అంచనాల లెక్కల్నే ప్రశ్నించాలా? ముందు టోల్ పెట్టి, రద్దీ ఎంత తగ్గుతుందో చూశాక లేన్లు నిర్ణయించమంటే వింటారా? రెండు రాష్ట్రాల వ్యవహారం కదా, ఒరెగాన్ చట్టసభ సభ్యులకు మేము రాసినా పట్టించుకుంటారా?