ఆ 1,345 మందిని కూల్చేయడం న్యాయమేనా? '33' ఎపిసోడ్ మీద చర్చ

నాగావళి గట్టు, రాయగడ

నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చాక నిద్ర పట్టక 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' అనే టీవీ సీరియల్‌లో '33' ఎపిసోడ్ మూడోసారి చూశాను. మూడుసార్లూ ఒకే చోట మనసు ఆగిపోయింది. అందుకే మీ అందరినీ అడుగుతున్నా.

చూడనివాళ్ళ కోసం కథ చెప్తాను. మనుషులు తయారుచేసిన సైలాన్లనే యంత్రాలు తిరగబడి, పన్నెండు గ్రహాల జనాన్ని అణుబాంబులతో తుడిచిపెట్టేశాయి. లెక్కకు మిగిలింది 50,298 మంది. ఒక పాత యుద్ధనౌక, దాన్ని నమ్ముకుని వెంట వస్తున్న పౌర ఓడలు. అంతరిక్షంలో ఎక్కడికి దూకి పారిపోయినా సరిగ్గా 33 నిమిషాలకి సైలాన్లు దిగిపోతున్నాయి. మళ్ళీ దూకాలి. అలా 237 సార్లు, 130 గంటలు. నేను కూర్చుని గుణించి చూశాను: 237ని 33తో గుణిస్తే 7,821 నిమిషాలు, అంటే 130 గంటల 21 నిమిషాలు. రాసినవాళ్ళు లెక్క తప్పలేదు. 33 నిమిషాలే ఎందుకన్నది మాత్రం ఎపిసోడ్‌లో ఎవరూ చెప్పరు.

ఒకసారి దూకినప్పుడు ఒలింపిక్ కారియర్ అనే ఓడ వెనకపడిపోయింది. అందులో 1,345 మంది. విచిత్రంగా ఆ తర్వాత 33 నిమిషాలు దాటినా సైలాన్లు రాలేదు. జనం ఇలా కునుకు తీశారో లేదో ఆ ఓడ తిరిగొచ్చింది. దాని వెనకే సైలాన్లూ వచ్చాయి. ఆగమంటే ఓడ ఆగదు, రేడియో పనిచేయదు, లోపల అణ్వాయుధం ఉన్నట్టు సంకేతం. అధ్యక్షురాలు రోజ్లిన్ సరే అంది. లీ, స్టార్‌బక్ అనే ఇద్దరు పైలట్లు ఓడను పేల్చేశారు. అంతకు ముందు లీ కిటికీల పక్కగా వెళ్ళి చూశాడు. లోపల మనిషి ఆనవాలు కనిపించలేదు. మనుషులు లేరని మాత్రం తేలలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. కూల్చడం తప్పని నేను అనలేను. కానీ ఆ నిర్ణయం తీసుకోగల స్థితిలో అక్కడ ఎవరూ లేరు. నాది రైలు నడిపే ఉద్యోగం. వరసగా నైట్లు పడితే నాలుగో రాత్రికి ఎదురుగా ఉన్న సిగ్నల్ రంగు గట్టిగా పైకి చెప్పుకుంటే తప్ప బుర్రకెక్కదు. 1963 డిసెంబరు, 1964 జనవరి మధ్య అమెరికాలో ర్యాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు 264 గంటలు మేలుకుని ఉన్నాడు. మధ్యలోనే లేనివి ఉన్నట్టు చూశాడు. ఈ ఓడల్లో వాళ్ళు అందులో సగం సమయం మేలుకుని, మందుబిళ్ళలు మింగి, 1,345 ప్రాణాల మీద తీర్పు చెప్పారు. ఏమంటారు?

గిరి రోడ్డు, బరంపురం

అన్నా, నిద్ర సంగతి ఒప్పుకుంటా. కానీ నిద్రపోయి లేచి ఆలోచించే వీలు వాళ్ళకెక్కడుంది? నిమిషాలు లెక్కపెట్టుకుంటున్న మనిషికి నిర్ణయం తీసుకోకపోవడం కూడా నిర్ణయమే.

2013 అక్టోబరు 12. ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టే 1999 సూపర్ సైక్లోన్‌లా వేల ప్రాణాలు పోలేదు. ఆ రాత్రి నేను ఒక స్కూల్లో వాలంటీర్‌ని. లోపల మూడొందల మందికి పైనే. సాయంత్రం ఖిచిడీ వండి పెట్టాం. ఏడు దాటాక గాలి ఎంత పెరిగిందంటే కిటికీ రెక్కలకి బెంచీలు అడ్డం పెట్టి, వాటికి వీపు ఆనించి కూర్చున్నాం. ఎనిమిదింటికి ఎవరో తలుపు కొట్టారు. గడియ మీద నా చెయ్యి, నా చెయ్యి మీద మా హెడ్మాస్టారి చెయ్యి. "తీస్తే మళ్ళీ పడదురా" అన్నారాయన. బయట గొంతు ఆడదో మగవాడో కూడా తెలియలేదు.

తీశాం. ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని ఒకాయన లోపలికి పడ్డాడు. నలుగురం కలిసి తలుపు మూశాం. మంచే జరిగింది. కానీ ఆ నిమిషంలో తలుపు చట్రంతో సహా ఊడొచ్చి ఉంటే? పదేళ్ళు దాటింది, ఇప్పటికీ నాకు జవాబు దొరకలేదు. ఆ యుద్ధనౌక కమాండర్ అడామా చేతికింద ఉన్నది ఒక స్కూలు కాదు, మిగిలిన మనిషి జాతి మొత్తం. అక్కడ నేనుంటే పేల్చమనే చెప్తాను. చెప్పాక బతికినన్నాళ్ళూ ఏడుస్తాను.

కోర్టుపేట వకీలు, బరంపురం

గిరి రోడ్డు తమ్ముడూ, నీ అనుభవానికి చేతులెత్తి దండం పెడుతున్నాను. అయినా నీ వాదన ఒప్పుకోలేను. తలుపు తీయకపోవడం వేరు, తలుపు బయట ఉన్న మనిషిని కాల్చడం వేరు.

ఇది మన చట్టంలోనే ఉంది, అదీ ఓడల ఉదాహరణతోనే. పాత ఐపీసీ 81వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్. ఒక ఓడ కెప్టెన్ తన తప్పేమీ లేకుండానే ఒక ఇరకాటంలో పడతాడు. తిన్నగా పోతే ఇరవై ముప్ఫై మంది ఉన్న పడవను గుద్దేస్తాడు. పక్కకి తిప్పితే ఇద్దరే ఉన్న పడవను గుద్దే ప్రమాదం ఉంది, కానీ తప్పించుకోవచ్చు కూడా. అతను తిప్పితే నేరం కాదు. ఎందుకు కాదు? ఆ ఇద్దర్నీ గుద్దాలన్న ఉద్దేశం అతనికి లేదు గనక. ఇద్దరి కంటే ఇరవై ఎక్కువ అన్న కూడిక ఒక్కదాని మీదే ఆ సెక్షన్ నిలబడలేదు. ఒలింపిక్ కారియర్ విషయంలో ఆ ఓడను ధ్వంసం చేయడమే ఉద్దేశం.

ఇంకో సంగతి. ఈ ఎపిసోడ్ అమెరికాలో ప్రసారమైన 2005 జనవరిలోనే జర్మనీలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. హైజాక్ చేసిన విమానాన్ని ఆయుధంగా వాడబోతుంటే, లోపల ప్రయాణికులున్నా సరే, కూల్చేయొచ్చని. 2006 ఫిబ్రవరి 15న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ఇతరులను కాపాడ్డానికి లోపలి మనుషుల్ని వస్తువుల్లా లెక్కకట్టే హక్కు రాజ్యానికి లేదన్నది. ఎలాగూ కాసేపట్లో పోతారుగా అన్న వాదన కూడా చెల్లదంది. మన దేశంలో 2005 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న విధానం దీనికి విరుద్ధంగా ఉంది, తప్పనిసరైతే కూల్చొచ్చని. ఈ రెండింట్లో నేను జర్మనీ కోర్టు పక్షం. మిగిలిన జాతిని కాపాడ్డానికి ఏం చేసినా చెల్లుతుందని ఒక్కసారి ఒప్పుకున్నామంటే, రేపు ఆ మాట అననివాడెవడు?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

వకీలుగారి మాటకి ఒకటి కలుపుతాను. కూల్చండి అన్న ఆ గదిలో బాల్టర్ ఉన్నాడు. సైలాన్ల దాడికి తన వల్లే దారి దొరికిందన్న సంగతి దాచుకున్న శాస్త్రవేత్త అతను. ఆ ఓడలో ఉన్న ఒక డాక్టరు అధ్యక్షురాలికి ఏదో చెప్పాలని వస్తున్నాడు. అది బయటపడితే బాల్టర్ పని అయిపోయినట్టే. అంటే ఆ 1,345 మంది పోతే ఒక మనిషికి సొంత లాభం ఉంది. ఆ సంగతి పక్కనున్న ఎవరికీ తెలియదు. ఎపిసోడ్‌లో నాకు బాగా భయం వేసింది అక్కడే, సైలాన్ల దగ్గర కాదు. అందరి మేలు కోసమని గంభీరంగా తలూపుతున్న గదిలో ఎవరి మేలు ఎంతో ఎవరు చూడొచ్చారు?

రెండోది, ఎవరి మ్యాప్ చూసి నిర్ణయిస్తున్నారన్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అందరి చూపూ పలాస, గోపాలపురం తీరం మీదే. తీరం ఖాళీ చేయించారు, బాగానే చేశారు. తీరా ప్రాణాలు ఎక్కువ పోయింది సముద్రం కనిపించని మా గజపతి జిల్లా కొండల్లో. బరఘర దగ్గర వానకి కొండ గుహలో తలదాచుకున్న వాళ్ళ మీదే కొండచరియ విరిగిపడింది. వాళ్ళని ఎవరూ చంపలేదు. ఆ రోజు గీసిన గీత వాళ్ళ దాకా రాలేదు, అంతే.

నాగావళి గట్టు, రాయగడ

బాల్టర్ సంగతి నేను రాయకపోవడం పొరపాటే. కానీ మహేంద్రతనయ గారూ, అతని బుద్ధి చెడ్డదైనంత మాత్రాన ఓడలో అణ్వాయుధం లేకుండా పోదు కదా? ఓడను కూల్చాక సైలాన్లు రావడం ఆగిపోయింది. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తెప్పలోళ్ళమ్మాయి, గోపాలపురం

నేను ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. ఈసారి రాయాలనిపించింది.

మేము వాడబలిజలం. ఒడియావాళ్ళు నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. మా తాత తెప్ప మీద ఏటకెళ్ళేవాడు. మా అమ్మ పుట్టకముందు, ఒక కార్తీకంలో గాలి తిరిగిపోయి ఆయనా ఇంకో ఇద్దరూ తిరిగి రాలేదు. మూడు రోజులు ఒడ్డున మంటలు వేశారు. అయిదో రోజుకి వాడలో పెద్దలు వచ్చి మామ్మ ముందు కూర్చున్నారు. పదో రోజు చేయాల్సినవి చేసేద్దాం అన్నారు. మామ్మ గాజులు తియ్యనంది. కొబ్బరి తాడు పేనుకుంటూ కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ నెలల్లో మా తీరంలో నీళ్ళు దక్షిణానికి లాగుతాయి. వీళ్ళని బారువ దాకా లాక్కుపోయాయి. అక్కడి మనవాళ్ళు నీళ్ళు పట్టి, గంజి పోసి, నడవగలిగాక సోంపేటలో రైలెక్కించారు. తొమ్మిదో రోజు సాయంత్రం తాత వాడలోకి నడిచి వచ్చాడు. ఇప్పుడు నేను చెప్పాల్సింది ఇదే. ఎవరూ ఎదురెళ్ళలేదట. ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. పోయాడని అప్పటికే మనసులో అనేసుకున్నారు కదా, ఆ వచ్చినది ఆయనేనా అని అనుమానం. వేపచెట్టు కింద నిలబడి మంచినీళ్ళడిగితే ఎవరూ కదల్లేదు. మామ్మే చెంబుతో వెళ్ళింది.

ఒలింపిక్ కారియర్ వెనకపడిపోగానే అక్కడివాళ్ళూ వాళ్ళని పోయినవాళ్ళ కింద జమకట్టేశారు. కునుకు తీశారు. సైలాన్లు రాకపోయేసరికి ఊపిరి పీల్చుకున్నారు. మనసులో ఒకసారి పాడె కట్టేసిన మనిషి తిరిగొస్తే సంతోషం కంటే ముందు భయం వస్తుంది. కూల్చమన్న మాట నోట్లోంచి వచ్చింది ఆఖరి నిమిషంలోనే, కానీ ఆ మాట అనగలిగేంత తేలిక మనసుకి ఎప్పుడో వచ్చేసింది. మీరందరూ ఆ ఆఖరి నిమిషం గురించే వాదిస్తున్నారు. ఓడ లేకుండా వాళ్ళు ప్రశాంతంగా గడిపిన ఆ కాసేపటి గురించి ఎవరూ అడగలేదు.

గిరి రోడ్డు, బరంపురం

చెల్లీ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక్కటే అడుగుతాను. మీ తాత వెనక అణుబాంబు లేదు కదా?

తెప్పలోళ్ళమ్మాయి, గోపాలపురం

లేదన్నా. కానీ వాడలోవాళ్ళకి ఆ సంగతి తెలియదు. తెలియనప్పుడు ఏం చేశారన్నదే కదా మనం మాట్లాడుకుంటున్నది.

కోర్టుపేట వకీలు, బరంపురం

అమ్మా, నేను ఉద్దేశం అని రాశాను. ఉద్దేశం ఎప్పుడు మొదలవుతుందో మా కోర్టులో రోజూ వాదిస్తాం. కత్తి తీసినప్పుడా, కత్తి కొన్నప్పుడా అని. నువ్వు చెప్పినది దానికంటే వెనకది. దాన్ని ఏ సెక్షన్ కింద పెట్టాలో నాకు తెలియడం లేదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

ఆఖర్న ఒక ఓడలో బిడ్డ పుడతాడు. బతికున్నవాళ్ళ లెక్క రాసే బోర్డు మీద 47,972 ఉన్నది 47,973 అవుతుంది. రోజ్లిన్ మొహంలో చిన్న నవ్వు. మొదటిసారి చూసినప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు ఆ నవ్వు చూడగలనో లేదో.

తెప్పలోళ్ళమ్మాయి, గోపాలపురం

నిన్న రాత్రి మామ్మకి ఫోన్లో ఆ ఎపిసోడ్ చూపించాను. ఆమెకి ఎనభై దాటాయి. ఇంగ్లీషు మాటలన్నీ ఆపి ఆపి తెలుగులో చెప్పాను. యంత్రాలు తిరగబడ్డం గురించి ఏమీ అడగలేదు. గోడ నిండా పోయినవాళ్ళ ఫొటోలు అంటించిన చోట మాత్రం ఆపమంది. ఫోను దగ్గరికి తీసుకుని ఒక్కొక్క మొహమే చూసింది. అంతా అయ్యాక ఇలా అంది:

"ఆ ఎనకబడిపోయిన ఓడలో ఉన్నోల్ల సుట్టాలు ఈ ఓడల్లో ఒక్కరూ నేరేటి? అంతమందిలో ఒక తల్లో, ఒక పెల్లామో ఉండకపోద్దా? ఆల్లని పిలిసి, ఒక కేకెయ్యమనుంటే?"

రేడియో పనిచెయ్యలేదు మామ్మా అన్నాను.

"దానికి ముందు పనిసేసింది కదే," అంది.

కోర్టుపేట వకీలు, బరంపురం

పనిచేసింది. ఇప్పుడే మళ్ళీ పెట్టి చూశాను. ఓడ తిరిగొచ్చాక కాసేపు కెప్టెన్‌తో మాట్లాడారు, ఆ తర్వాతే రేడియో తెగిపోయింది. అడిగినవన్నీ ఎలా తప్పించుకున్నారు, ఎలా వచ్చారు అనే. మీ మామ్మగారు చెప్పినట్టు లోపలివాళ్ళ తాలూకు మనిషిని ఎవర్నీ పిలిపించలేదు.