అవసరానికి మించి వాయిద్యాలు కొనాలనిపించడం గురించి

ప్రశ్న:
నేను ప్రధానంగా గిటారు వాయిస్తాను. ప్రస్తుతం నా దగ్గర రెండు అకౌస్టిక్ గిటార్లు, ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఒక యుకులేలే, మూడు వేణువులు, ఇంకా నేర్చుకోవడం మొదలుపెట్టని ఒక వయొలిన్ ఉన్నాయి. రోజూ చేతిలోకి తీసుకునేది వీటిలో ఒక్కటే అయినా, పన్నెండు తీగల గిటారు ఒకటి ఉంటే బాగుండునన్న ఆలోచన కొంతకాలంగా నన్ను వదలడం లేదు. ఒకటి కంటే ఎక్కువ వాయిద్యాలు ఎప్పుడు నిజంగా అవసరమవుతాయో, ఎప్పుడు అది వట్టి మోజో ఎలా తేల్చుకోవాలి?

సమాధానం 1:
ముందుగా వేణువులను ఈ లెక్కలోంచి తీసేయండి. వేణువు శ్రుతి దాని పొడవును, లోపలి వ్యాసాన్ని, రంధ్రాల స్థానాన్ని బట్టి తయారీలోనే స్థిరపడిపోతుంది. ఊదే కోణం మార్చి కొద్దిగా సర్దుకోగలమే తప్ప, తీగను బిగించినట్లు శ్రుతిని మార్చుకోలేం. కాబట్టి వేర్వేరు శ్రుతుల్లో పాడేవారికి సహకరించే వేణువిద్వాంసుని సంచిలో అరడజను వేణువులున్నా అది మోజు కాదు. మృదంగానికీ ఇదే వర్తిస్తుంది: వార్లు బిగించి కొంత మేరకు సవరించుకోవచ్చు గానీ, హెచ్చు శ్రుతికీ తగ్గు శ్రుతికీ ఒకే మృదంగం సరిపోదు. పది రంధ్రాల హార్మోనికా వాయించేవారు ఒక్కో కీకి, అంటే ఒక్కో శ్రుతికి, ఒకటి చొప్పున కొనుక్కుంటారు. అయితే మీ మూడు వేణువులూ ఒకే శ్రుతివైతే నేను చెప్పినదేదీ మీకు వర్తించదు.

సమాధానం 2:
గిటారుకు పై వాదన చెల్లదు, ఎందుకంటే తీగలన్నిటినీ ఒకే చోట అదిమిపట్టే కాపో అనే బిగింపును మెడకు పెట్టుకుంటే కీ మారిపోతుంది. మీకు కావలసింది పన్నెండు తీగల గిటారా, లేక దాని నాదమా అన్నది తేల్చుకోండి. అందులో తీగలు ఆరు జతలుగా ఉంటాయి. తగ్గు స్వరాల నాలుగు జతలలో ప్రతి లావు తీగ పక్కన ఒక స్థాయి పైన పలికే సన్నని తీగ ఉంటుంది. మిగిలిన రెండు జతలు ఒకే స్వరానికి శ్రుతి చేసి ఉంటాయి. ఆ పన్నెండు తీగల సెట్టులో ప్రతి జతలోని సన్నని తీగను మాత్రమే మీ రెండవ అకౌస్టిక్ గిటారుకు వేస్తే దాన్ని నాష్‌విల్ ట్యూనింగ్ అంటారు. ఒక గిటారు మామూలుగా, రెండవది ఇలా వాయించి రికార్డు చేస్తే, పన్నెండు తీగల గిటారుకు చాలా దగ్గరి నాదం వస్తుంది. ఒక సెట్టు తీగలతో తేలిపోయే ప్రయోగం ఇది. అది విన్నాక కూడా కోరిక తగ్గకపోతే అప్పుడు కొనండి, నేనేమీ అడ్డు చెప్పను.

సమాధానం 3:
వాయించని వాయిద్యానికి కూడా చాకిరీ తప్పదన్న సంగతి కొనేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. గిటార్లను 45 నుంచి 55 శాతం తేమలో ఉంచమంటారు. గాలి పొడిబారితే ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) అంచులు మెడ పక్కకు పొడుచుకొచ్చి వేళ్లకు గీరుకుంటాయి, తేమ ఎక్కువైతే పైచెక్క ఉబ్బి తీగలు ఎత్తుగా లేస్తాయి. వయొలిన్ లోపలి సౌండ్‌పోస్ట్‌కు జిగురు ఉండదు, అది బిగువు మీదనే నిలబడుతుంది. తీగలన్నీ వదులైపోతే ఆ చిన్న కర్ర పడిపోవచ్చు. నా ఉద్దేశంలో, ఆ వయొలిన్ విషయం తేలేదాకా మరో వాయిద్యం మాట ఎత్తకపోవడం మంచిది: నేర్చుకోవడం మొదలుపెట్టండి, లేదా నేర్చుకుంటున్నవారికి ఇచ్చేయండి. ఇంకొక మాట, సాధనలో ఏదో ఒక చోట ఆగిపోయినప్పుడే కొత్త వాయిద్యం మీదికి మనసు పోతుంది. చూపుడు వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కిపట్టే ఎఫ్ బార్ కార్డు పలకనివాడికి ఏ గిటారు మీదా పలకదు.

ప్రశ్న అడిగినవారు:
వేణువుల శ్రుతులు మూడూ వేర్వేరే. రెండవ గిటారుకు ఆ సన్నని తీగలు వేస్తే నట్ (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) మీది గాడులు మార్చవలసి ఉంటుందా?

సమాధానం 2 రాసినవారు:
ప్రయోగానికైతే అక్కరలేదు. లావు తీగల కోసం కోసిన గాడులలో సన్న తీగ కాస్త కదలవచ్చు, కొన్నిసార్లు జుమ్మని మోగవచ్చు. బిగువు తగ్గి మెడ వెనక్కి వాలినట్లు కనిపిస్తే మెడ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీని కొద్దిగా వదులు చేయించండి.